ఎవరూ రుచి చూడని వైన్ ఐసు

నేను ఐదో తరగతి మూడేళ్లు చదివాను. ఐదో తరగతిని అంత లోతుగా చదివినవాడు ఆర్.కె.పేట చుట్టుపక్కల ఇంకొకడు ఉండడు. నాలుగో ఏడు కూడా చదవడానికి నేను సిద్ధమే. మా అయ్యవారికే ఓపిక చాల్లేదు. "నీకు నేర్పేదానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదప్పా, పో" అని రెండు చేతులూ జోడించాడు.

పోయాను. తిరుత్తణిలో ఐసు ఫ్యాక్టరీకి పోయి, పుల్ల ఐసు అచ్చుల్లో రంగునీళ్లు పోసే పనిలో చేరాను. ఆ తర్వాత సైకిలుకు పెట్టె కట్టుకుని కొండ మెట్ల కింద ఐసు అమ్మాను. తోపుడుబండి మీద ఐసు గీకి, సుగంధి వేళ్ల నన్నారి షర్బత్ పోసి అమ్మాను. ముప్పై దాటాక మూడు హోటళ్ల వంటగదులు చూశాను. చివరి పదకొండేళ్లు తిరువళ్లూరులో ఒక విదేశీ కంపెనీవాళ్ల గెస్ట్‌హౌస్‌లో పనిచేసి రిటైరయ్యాను. నా కాగితాల్లో 'కిచెన్ అసిస్టెంట్' అని ఉంటుంది. అంటే ఉల్లిగడ్డలు తరిగేవాడని అర్థం. ఇంటి దగ్గర మాత్రం 'ఫారిన్ వాళ్లకు వంట చేస్తా' అని చెప్పుకునేవాణ్ణి. అందులో అబద్ధమేముంది? ఉల్లిగడ్డ లేకుండా ఏ కూర ఉడుకుతుంది?

కొత్తగా పనుల్లో చేరుతున్న పిల్లలు మీరు. తెలుగు కంటే అరవం బాగా చదువుతారని కూడా తెలుసు. కూడబలుక్కుంటూ అయినా ఇది చదవండి. నా ఉద్యోగంలో నేను కాలరు ఎగరేసుకోదగ్గ రోజు ఒక్కటే ఒక్కటి ఉంది. ఆ రోజు నా ఒంటి మీద కాలరున్న చొక్కా కూడా లేదు.

ముందు మా వంటగది సంగతి చెప్పాలి. వంట అంతా ఒక అక్కది. నాకంటే నాలుగేళ్లు చిన్నది, అయినా అక్కే. గరిటె ఎవరి చేతిలో ఉంటే వాళ్లే పెద్ద. నన్ను తంబీ, అంటే తమ్ముడా, అనేది. పైన ఒక మేనేజరు. మా ఊరి వ్యాపారుల ఇంటి మనిషి, వెల్లుల్లి వేగితే చాలు, కిటికీ తెరిచే రకం. గేటు దగ్గర వాచ్‌మన్, మా అందరికీ మామ. ఈ నలుగురే ఆ గెస్ట్‌హౌస్.

నాకొక జబ్బు ఉండేది. రుచి చూడటం. పాయసం పొయ్యి మీద ఉంటే ఒకసారి చూస్తే ఏలకులు తెలుస్తాయి. రెండోసారి చూస్తే తీపి తెలుస్తుంది. తెలిసిన రెండూ నిజమా కాదా అని మూడోసారి చూసుకోవాలి కదా. అక్క గిన్నె పక్కకు లాక్కునేది. "తంబీ, నువ్వు రుచి చూసినాక గెస్టుకు వాసన చూపించి పంపాల్సొస్తాది" అనేది.

నా ఉద్యోగం ఐదో ఏట, ఎండాకాలంలో, ఒక వార్త వచ్చింది. గెస్ట్‌హౌస్ మూసేసి, వచ్చే ఇంజనీర్లను చెన్నైలో పెద్ద హోటల్లో పెడతారట. ఏది మేలో చూసి చెప్పడానికి పైదేశం నుంచి ఒక మేడం వస్తోందట. ఐదు రోజులు మా దగ్గరే ఉంటుంది, సోమవారం తన మాట రాసి పంపుతుంది. ఆ మాట మీదే మా నలుగురి బువ్వ. నాకప్పుడు యాభై రెండు. మామకు అరవై. ఆ వయసులో కొత్తగా పనిచ్చే మహానుభావుడు తిరువళ్లూరు జిల్లాలో ఇంకా పుట్టలేదు.

మేడం గురువారం వచ్చింది. మంచి మనిషి. మా అక్క దోసెకు రెండు రోజుల్లోనే అలవాటు పడింది. మే నెల కత్తిరి ఎండలకు మాత్రం తట్టుకోలేకపోయింది. వచ్చిన సాయంత్రమే మేనేజరును పిలిచి, పెట్టెలోంచి గులాబీ రంగు వైన్ బాటిళ్లు రెండు తీసి బల్ల మీద పెట్టింది. వాళ్ల ఊళ్లో ఎండాకాలం వస్తే ఇంట్లోనే వైన్‌ను గడ్డకట్టించి, పండ్ల ముక్కలు కలిపి, తినీ తినకుండా తాగీ తాగకుండా చెంచాతో పుచ్చుకుంటారట. శనివారం సాయంత్రం ఆరింటికి కంపెనీ ఆఫీసర్లు నలుగురిని పిలుస్తాను, అది చేసిపెట్టగలరా అని అడిగింది. చేసే పద్ధతి ఫోన్లో పంపింది.

మేనేజరు వంటగదిలోకి వచ్చి నా మొహం చూశాడు. "ఏమయ్యా, అవుతాదా?"

"ఐసు సంగతి నన్నా అడిగేది సార్? నా చేతిలో గడ్డకట్టనిది ఏదన్నా ఉంటే అది నా తలకాయే."

ఇక్కడొక చిక్కుంది. అప్పటికి నేను మాల వేసుకుని పదహారు రోజులు. వైకాశి నెల విశాఖం పండగకు తిరుత్తణికి నడిచిపోయి, కొండెక్కి మొక్కు తీర్చుకోవాలి. పచ్చ పంచె, భుజాన కండువా, కాళ్లకు చెప్పుల్లేవు, నోటికి మాంసం మందు లేవు. మాల వేసుకున్నవాణ్ణి అందరూ సామీ అని పిలవాలి. అక్క క్రైస్తవురాలే అయినా ఆ మర్యాద తప్పేది కాదు. "సామీ, ఆ అంట్లు తోము సామీ" అనేది.

వైన్ ముట్టుకోవచ్చా అని మా గురుసామికి ఫోన్ చేశాను. "పట్టుకోవచ్చు, పుచ్చుకోకూడదు. వాసనొస్తే ముక్కు తిప్పుకో" అన్నాడు. చేతికి అనుమతి దొరికింది, నాలుకకు దొరకలేదు. అక్కకు వాళ్ల సభలో మందంటేనే ఆమడ దూరం. మేనేజరు సంగతి చెప్పనే చెప్పాను, వెల్లుల్లికే కిటికీ తెరిచేవాడు మందు ముడతాడా? మొత్తానికి వైన్ ఐసు చేయడానికి ముగ్గురం దిగాం. ముగ్గురిలో ఒక్కరికీ దాన్ని నోట్లో పెట్టుకునే యోగం లేదు.

శుక్రవారం సాయంత్రం మొదటి బాటిల్ తెరిచాం. మేనేజరు కళ్లజోడు పెట్టుకుని ఫోను చదువుతున్నాడు. వైన్‌ను ట్రేలలో పోసి ఒక రాత్రి ఫ్రీజర్లో పెట్టాలి. చక్కెర పాకం కొంచెం. కొంచెం అన్న మాట దగ్గర నాకు నవ్వొచ్చింది. చల్లనిది నాలుక మీద పడితే తీపి సగం చస్తుంది. అందుకే పుల్ల ఐసు నీళ్లలో చక్కెర ఎప్పుడూ దండిగా వేస్తాం. పాకం రెండింతలు చేసి మొత్తం అందులోనే కలిపేశాను.

"ఫోన్లో ఉండేట్టు చెయ్యి సామీ" అంది అక్క.

"అక్కా, ఈ ఫోను ఎప్పుడన్నా ఐసు అమ్మిందా?"

"అది అమ్మలా. ఎక్కువ మాట్లాడనూ లా."

శనివారం పొద్దున ఫ్రీజర్ తెరిస్తే ట్రేలలో పానకం. చల్లటి, గులాబీ రంగు, జిగట పానకం. ట్రే వంచితే అటు పారుతుంది, ఇటు పారుతుంది. అప్పుడు గుర్తొచ్చింది. చక్కెర మోతాదు మించితే ఐసు బిగియదు. వైన్ అసలే మొండిది, దానికి చక్కెర తోడైతే ఇంక మాట వింటుందా? ఈ పాఠం నాకు పద్నాలుగో ఏటే వచ్చు. ఐసు ఫ్యాక్టరీ ఓనరు మొట్టికాయ వేసి మరీ నేర్పాడు. మొట్టికాయ గుర్తుంది, పాఠం మరిచిపోయాను.

అక్క ట్రే వైపు చూసింది, నా వైపు చూసింది. "ఇప్పుడు నీ తలకాయ కాకుండా ఇంకోటి కూడా ఉండాదే సామీ, గడ్డకట్టనిది" అంది.

"ఇంకో బాటిల్ ఉండాది కదా, ఇప్పుడే పెట్టు. సాయంకాలానికి కొంచెమన్నా బిగుస్తాది" అన్నాడు మేనేజరు. ఆయన నోట్లో మాట నోట్లో ఉండగానే ఫ్రిజ్ గుర్రుమని ఆగిపోయింది. గడియారం తొమ్మిది చూపిస్తోంది. నెలకోసారి కరెంటువాళ్లు లైన్ల రిపేరుకు తీసే రోజు, తొమ్మిది నుంచి ఐదు దాకా. ఆ సంగతి పేపర్లో వేశారట. పేపరేమో వడల కింద నూనె పీల్చుకుంటోంది. ఇన్వర్టరు ఫ్యాన్లనూ లైట్లనూ మాత్రమే లాగుతుంది. ఫ్రీజర్ లేదు, మిక్సీ లేదు.

మేనేజరు ఉల్లిగడ్డల మూట మీద కూలబడ్డాడు. "సాయంకాలం సారీ చెప్పేద్దాం. ఇంకేం చేసేది?"

ఆ సారీ నాకు ఎట్లా వినబడిందో చెప్పనా? మేడం సోమవారం రాయబోయే కాగితంలో మొదటి వాక్యంలా వినబడింది. అప్పటికి సిగ్గుతో తల వంచుకుని ఉన్నాను. వంచుకున్న తలకు ఎదురుగా కింద రాళ్లుప్పు జాడీ కనబడింది.

పిల్లలూ, పాతకాలం ఐసు ఫ్యాక్టరీలో పుల్ల ఐసు దేంట్లో గడ్డకడుతుందో మీకు తెలుసా? ఉప్పునీళ్ల తొట్టిలో. ఉప్పు కలిసిన నీళ్లు ఐసు కంటే చల్లబడినా గడ్డకట్టవు. అందులో అచ్చు ముంచితే అచ్చులో ఉన్నది బిగుస్తుంది. అక్కడ చల్లబరచడానికి మిషన్ ఉండేది. మిషన్ లేనివాడికి పగలగొట్టిన ఐసులో ఉప్పు వేసినా అదే పని జరుగుతుంది. నా పడుచుతనమంతా గడిచింది ఆ ఐసుతోనే.

"సార్, లేయండి. ఉల్లిగడ్డలు నలిగిపోతాయి" అన్నాను.

చేపల మార్కెట్ పక్కన ఐసు డిపో ఉంది. మోపెడ్ మీద పోయి రెండు పెద్ద గడ్డలు గోనెసంచిలో చుట్టి, వరిపొట్టు కప్పి తెచ్చాను. ఒట్టి కాళ్లతో ఆ ఎండలో మోపెడ్ దిగి డిపో దాకా నడవటం కావడి ఎత్తటానికి ఏమాత్రం తీసిపోదు. మామ గేటుకు గొళ్లెం పెట్టి వచ్చి, రోకలితో ఐసు పగలగొట్టాడు. పెరట్లో నీడన పెద్ద ప్లాస్టిక్ టబ్బు పెట్టి, మూడు వంతుల ఐసుకు ఒక వంతు రాళ్లుప్పు లెక్కన పొరలు పొరలుగా నింపాం. మధ్యలో తూక్కు. పాలకు వాడే మూతా పిడీ ఉన్న స్టీలు డబ్బా అది. అందులో రెండో బాటిల్ వైన్, నిమ్మరసం, అక్క కొలిచి పోసిన పాకం. ఆ పాకం కొలిచేటప్పుడు నన్ను రెండు చేతులూ వెనక్కి కట్టుకోమంది. కట్టుకున్నాను.

తర్వాత పనంతా ఓపికది. పిడి పట్టుకుని తూక్కును కుడికి సగం, ఎడమకు సగం తిప్పుతూ ఉండాలి. పది నిమిషాలకోసారి మూత తీసి, అంచుకు పేరుకున్నదాన్ని అట్లకాడతో గీకి లోపలికి నెట్టాలి. ఒంటిగంటకు ఏమీ లేదు. రెండింటికి అంచు మీద గులాబీ రంగు పొగమంచు పట్టింది. మూడున్నరకు మొత్తం ఉప్పుడు రవ్వలాగా పొడిపొడిగా, మెరుస్తూ తయారైంది. అక్క బంగినపల్లి ముక్కలు కోసి ఇంకో డబ్బాలో అదే ఐసులో పెట్టింది.

సంతోషం పట్టలేకపోయాను. "సార్, రండి సార్, చూడండి సార్!" అని మూత సగం తీసి మేనేజరుకు చూపించబోయాను. మూడు గంటలుగా ఉప్పు ఐసునీళ్లలో నానిన ఒట్టి కాళ్లు, అడుగు యాడ పడుతోందో తెలియలేదు. జారాను. టబ్బు మీద పడ్డాను. ఉప్పునీళ్లు ఎగిరి తూక్కు మీద పడ్డాయి. మూత సగం తీసే ఉంది.

మూత మూసి తుడిచి తీసి చూశాం. కంటికి ఏమీ తేడా లేదు. ఉప్పు లోపలికి పోయిందా, పోలేదా? నాలుక కొనకు తగిలిస్తే చెప్పేయొచ్చు. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. బతుకంతా అడక్కుండానే రుచి చూసినవాణ్ణి, ఈరోజు అందరూ నా నాలుక వైపే చూస్తుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. నియమం తప్పితే ఎవరికి తెలుస్తుంది అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. మెడలో మాల తగిలింది.

అప్పుడు మామ ముందుకొచ్చాడు. "సామీ, నన్ను రుచి చూడనీండి. ఒక్క చుక్క. ఉప్పుండాదో లేదో చెప్పేస్తా."

మామ మందు మానేసి నాలుగు నెలలు. అంతకు ముందు ఆయన ఎట్లా ఉండేవాడో మాకు తెలుసు. ఆయన పెండ్లాం రోజూ సాయంకాలం సద్ది తెచ్చి, గేటు దగ్గర ఆయన కళ్లు చూసిన తర్వాతే డబ్బా చేతికిచ్చేది. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఆశ లేదు. మా పని నిలబడాలని అడిగాడు. అందుకే మరీ భయం వేసింది.

అక్క తూక్కుకూ మామకూ మధ్యలో నిలబడింది. "వద్దు మామా. నీ పెండ్లాం నాలుగు నెలలుగా నిద్రపోతాండాది. దీనికోసం దాన్ని మళ్లా లేపొద్దు."

"పని పోతే ఏం చేస్తావు పాపా?"

"పోతే పోనీ. ఇడ్లీ అంగడి పెట్టుకుంటా. నువ్వు గేటు కాడికి పో మామా, నీకు దండం పెడతా."

మామ కండువాతో మొహం తుడుచుకుని పోయాడు. మేనేజరు గేటు వైపు నుంచి నా వైపు తిరిగి, "ఇంకేదన్నా దోవ ఉందా సామీ?" అన్నాడు. మా మేనేజరు నన్ను సామీ అనడం అదే మొదలు.

ఉంది. మా ఐసు ఫ్యాక్టరీ ఓనరు తమలపాకులూ పొగాకూ నమిలి నమిలి నాలుక మొద్దుబారిన మనిషి. అచ్చుకు చిల్లి పడి ఉప్పునీళ్లు లోపలికి పోయాయని అనుమానం వస్తే, మేమంతా నాకి చూసేవాళ్లం. ఆయన మాత్రం ఆ ఐసు చుక్కను కాలుతున్న పొయ్యి మూత మీద వేసేవాడు. నీళ్లు పోయాక తెల్ల మచ్చ మిగిలితే ఉప్పు. అప్పట్లో ఆయన్ను చూసి నవ్వుకునేవాణ్ణి.

"అక్కా, దోసె పెనం పెట్టు."

"నా పెనం మీద వైనా?"

"పాతది పెట్టు."

గ్యాసు పొయ్యికి కరెంటుతో పని లేదు కదా. పాత పెనం బాగా కాలాక మూడు చుక్కలు వరసగా వేశాను. ఒకటి శుక్రవారం నాటి పానకం, దాంట్లో ఉప్పు లేదని తెలుసు. రెండోది తూక్కు అడుగున ఉన్నది. మూడోది పైన ఉన్నది. చుయ్యిమన్నాయి. వాసనకు నేను ముక్కు తిప్పుకున్నాను, అక్క కొంగు అడ్డం పెట్టుకుంది, మేనేజరు కిటికీ తెరిచాడు. మొదటిది చక్కెర మాడి నల్లబడింది. రెండోది అచ్చం అట్లాగే. మూడోదాంట్లో మాత్రం నలుపు మధ్య తెల్లగా పువ్వు పూసింది.

ఉప్పు పైకే పడింది, కిందికి దిగలేదు. పైన రెండు గరిటెలు తీసి పారేశాను. మళ్లీ చుక్క వేశాం. నలుపు. అక్క నమ్మలేదు, ఇంకోటి వేయించింది. నలుపే. ఇంకోటి వేయించింది. "ఇంక చాలు అక్కా, ఈ లెక్కన పెనమే తాగేస్తాది" అన్నాను.

ఐదింటికి కరెంటు వచ్చింది. ఆరింటికి ఐదు గాజు గ్లాసుల్లో మామిడి ముక్కల మీద గులాబీ రవ్వ పోసి పంపాం. నేను తలుపు చాటున నిలబడ్డాను. మేడం ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. తర్వాత మేనేజరుతో ఏదో అంది. ఆయన వంటగదిలోకి పరుగున వచ్చాడు.

"ఉప్పా సార్?" అన్నాను.

"కాదయ్యా. చానా బాగుండాదంట. కొంచెం తీపి చాల్లేదంట."

నేను అక్క వైపు చూశాను. అక్క తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది.

ఆ క్షణం నాలోంచి తోపుడుబండివాడు లేచొచ్చాడు. శుక్రవారం పాడుచేసిన పానకం జగ్గులో పోసుకుని, పచ్చ పంచెతో, ఒట్టి కాళ్లతో హాల్లోకి నడిచాను. ఒక్కో గ్లాసు మీద నన్నారి పోసినట్టు మూరెడు ఎత్తు నుంచి సన్నటి ధార పోశాను. ఒక్క చుక్క బల్ల మీద పడలేదు. ఇరవై ఏళ్లు దాటింది ఆ పని మానేసి. చెయ్యి మరిచిపోలేదు. రెండింతల చక్కెర ఆ రవ్వలోకి దిగి ఎక్కడ ఉండాలో అక్కడ కూర్చుంది. మేడం చప్పట్లు కొట్టింది. ఆఫీసర్లు కూడా కొట్టారు, ఆమె కొట్టింది కాబట్టి.

కరెంటు లేకుండా ఎట్లా బిగించారని అడిగింది. పెరట్లోకి తీసుకుపోయి టబ్బు చూపించాను. తూక్కు పిడి పట్టుకుని తనూ నాలుగు తిప్పులు తిప్పి, బూట్లు తడుపుకుంది. తర్వాత మేనేజరును అడిగింది, ఇంత సరిగ్గా కుదిరింది కదా, మీలో ఎవరు రుచి చూశారు అని. ఎవరూ చూడలేదని, ఎందుకు చూడలేదో ఒక్కొక్కరి సంగతీ ఆయన చెప్పాడు. ఆమె గ్లాసు కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపకపోయేసరికి మేనేజరు మంచినీళ్లు తెప్పించాడు.

సోమవారం ఆమె రాసింది మేనేజరు వంటగదిలో నిలబడి మాకు చదివి వినిపించాడు. గెస్ట్‌హౌస్ ఉండాలి, ఈ మనుషులే ఉండాలి. రెండుసార్లు చదివాడు. మూడోసారి అక్క చదివించింది, పెనం మీద చుక్క వేయించినట్టే. మామను గేటు నుంచి పిలిపించి ఆయనకు నాలుగోసారి చదివాం. సాయంకాలం ఆయన పెండ్లాం వచ్చి ఆయన కళ్లు చూస్తే ఎర్రగా ఉన్నాయి. అదిరిపడింది. అక్క పోయి నచ్చజెప్పాల్సొచ్చింది, అది ఏడ్పమ్మా అని.

మీకు నీతి చెప్పేంత చదువు నాకు లేదు. ఒకటి మాత్రం చెప్తాను. తెలియని పనిలో భయం మనల్ని కాపాడుతుంది. తెలిసిన పనిలోనే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. నేను రెండు బాటిళ్లలో ఒకటి పాడుచేసింది నాకు చేతకాని విద్యలో కాదు, నాకు అన్నం పెట్టిన విద్యలోనే. ఆ విద్యే మళ్లీ నన్ను నిలబెట్టింది, అది వేరే సంగతి. ఆ సంగతి నేను ఇప్పటికి ఎంతమందికి చెప్పానో లెక్క లేదు.

ఆ తర్వాత ఇంకో ఆరేళ్లు అక్కడే పనిచేసి, పోయిన ఏడాది రిటైరయ్యాను. ఆఖరి రోజు హాల్లో అందరూ కూర్చుని నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నలభై చెప్పాను. చివర్లో వైన్ ఐసు కథ ఎత్తుకుని, ఛాతీ విరిచి అన్నాను: "ఆ రోజు మాల అడ్డమొచ్చింది కాబట్టి ఆ మాత్రంగానే వచ్చింది. మాల లేకుండా ఉండుంటే, రుచి చూసుకుంటూ చేసి, ఇంకా బ్రహ్మాండంగా ఇచ్చుండేవాణ్ణి."

వంటగది గడప మీద నిలబడి గరిటె తుడుచుకుంటున్న అక్క తల కూడా ఎత్తలేదు.

"మాల లేకుంటే సాయంకాలం ఆరింటికి తూక్కు ఖాళీగా ఉండును తంబీ, నువ్వు నిండుగా ఉందువు."